భాయీజాన్ కార్

మొన్న మార్చిలో ఒక రాత్రి ఇషా నమాజ్ అయ్యాక కువైట్ నుంచి భాయీజాన్ వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఒరే, నేను వస్తున్నా. ఈసారి ఖాయంగా. బండి తయారు పెట్టు. కుప్పం పోవాల."

అంతే. పద్దెనిమిదేళ్ల పరదేశం పది సెకన్ల మెసేజ్‌తో ఖతం అయింది. (మేం ఇంట్లో మాట్లాడుకునేది దక్కనీలోనే. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నా.)

కుప్పం ఎందుకో నాకు తెలుసు. భతీజీకి అక్కడి నుంచి ఒక రిష్తా వచ్చింది. పిల్ల తండ్రి వచ్చి కూర్చుంటే గానీ మాట పక్కా కాదు. బండి సంగతే గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే ఆ బండి నా దగ్గర అమానత్. అమానత్‌ను నేనెట్లా చూసుకున్నానో నాకూ తెలుసు, అల్లాకూ తెలుసు.

2009 మోడల్ మారుతి స్విఫ్ట్ అది. వీఎక్స్ఐ, పెట్రోలు, నల్ల మెటాలిక్ రంగు. భాయీజాన్ 2013లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆయన ఖాదిమ్ వీసా మీద పోయిన మనిషి, ఒక కువైతీ ఇంట్లో డ్రైవరు. రోజూ ఫజర్ కాగానే నాలుగు పెద్ద బండ్లు కడిగి, తుడిచి, అద్దంలా చేసి నిలబెట్టడం ఆయన మొదటి పని. పిల్లల్ని స్కూళ్లకు దించడం ఆ తర్వాత. సొంత బండి మాత్రం పుంగనూరులో మా పాత ఇంటి వాకిట్లో, వేపచెట్టు కింద, టార్పాలిన్ కప్పుకుని ఉండేది. రెండేళ్లకొకసారి రెండు నెలల ఛుట్టీ వచ్చినప్పుడు నడిపేవాడు. లెక్కేస్తే పన్నెండేళ్లలో తన బండిని ఆయన నడిపింది ఒక ఏడాది కూడా కాదు. మన ఇళ్లల్లో ఇట్లాంటి బండ్లు, ఇట్లాంటి ఇళ్లు, ఇట్లాంటి సంసారాలు ఎన్ని లేవు!

నేనుండేది మదనపల్లెలో. పుంగనూరు ముప్పై కిలోమీటర్లు. మొదట్లో నెలకోసారి పోయి స్టార్ట్ చేసి, ఊరు చుట్టూ తిప్పి వచ్చేవాణ్ణి. తర్వాత మూడు నెలలకోసారి అయింది. తర్వాత పేపరు పని, ఎలక్షన్లు, పిల్లల ఫీజులు. గతేడు 15 ఏళ్లు నిండాయని ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించడానికి బయటికి తీయడమే చివరిసారి.

మెసేజ్ వచ్చిన జుమ్మా రోజు భతీజాను వెంటబెట్టుకుని పోయి టార్పాలిన్ తీశాను. వాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, ఇరవై ఏళ్లు. బండిని చూసి వాడు "వాహ్" అన్నాడు. నేను "తౌబా" అన్నాను.

టార్పాలిన్ బండిని కాపాడుతుందని మనం అనుకుంటాం. లోపల దుమ్ము చేరి, గాలికి పట్ట కదిలినప్పుడల్లా ఆ దుమ్మే ఆకురాయి అవుతుంది. బానెట్ నిండా సాలెగూడు గీతలు. పక్కింటివాళ్ల బోరు నీళ్లు చిమ్మిన చోట తెల్లటి మచ్చలు. మా సీమ నీళ్ల సంగతి మీకు తెలుసు కదా, గిన్నె అడుగున సున్నం కట్టినట్టే నల్ల రంగు మీద కడుతుంది. హెడ్‌లైట్లు పసుపుపచ్చగా, శుక్లాలు పట్టిన కళ్లలాగా ఉన్నాయి. వెనక చక్రం మీది అంచులో జంగ్.

ఉర్దూ బడిలో మాకు రెండు మాటలు ఉండేవి. జీమ్‌తో రాస్తే యుద్ధం, జే తో రాస్తే తుప్పు. తెలుగులో రాస్తే రెండూ జంగ్ లే. డిగ్రీలో తెలుగు తీసుకున్న కొత్తలో ఇది నాకు పెద్ద నష్టంలా అనిపించేది. ఆ రోజు బండి ముందర నిలబడితే, ఒకటే మాట చాలులే అనిపించింది.

భతీజా మాత్రం ఫోన్ తీసి లిస్టు చూపించాడు. వాడికిది ముసలి బండి కాదు, స్పోర్ట్స్ బండి. "చాచా, ఈ ఇంజన్ 1298 సీసీ, 87 హార్స్‌పవర్. బండి బరువు చూస్తే టన్ను అటూ ఇటూ. అందుకే ఇది కొట్టినట్టు పోతుంది. 2007లో జూనియర్ వరల్డ్ ర్యాలీ చాంపియన్ అయినోడు నడిపింది కూడా స్విఫ్టే తెల్సా?" అబద్ధం కాదు. ఆ ర్యాలీ బండి వేరే, మన వాకిట్లో బండి వేరే, అంతే తేడా. స్విఫ్ట్ స్పోర్ట్ అనే అసలు మోడల్‌ను జపాన్‌లో, యూరప్‌లో అమ్మారు గానీ మన దేశంలో అమ్మలేదు. అందుకే మన పిల్లలు స్టిక్కర్ కొని అంటించుకుంటారు. మావాడు స్టిక్కర్ ముందే కొనిపెట్టుకున్నాడు.

లిస్టులో 17 అంగుళాల అలాయ్ వీల్స్, బండిని కిందికి దించే స్ప్రింగులు, గర్జించే సైలెన్సరు, నల్ల ఫిల్మ్, వెనక స్పాయిలరు, నీలం తెలుపు ఎల్ఈడీ లైట్లు. మొత్తం లక్షా నలభై వేలు. బండిని అమ్మితే రెండు లక్షలు రావు.

"ఎవరిస్తారు బేటా?"

"అబ్బా పంపిస్తాడు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. అది దాదాపు అబ్బా నాలుగు నెలల తన్ఖా. వాడికి ఆ సంగతి తెలీదు. తెలియనీయకుండా పెంచింది మనమే.

తిట్టాలనిపించింది గానీ తిట్టలేదు. ఎందుకంటే ఈ బండి విషయంలో నా చేతులూ సాఫ్ కాదు. 2016లో భాయీజాన్ ఛుట్టీకి వచ్చే ముందు, ఖుష్ చేద్దామని బండిని ఒక సిటీలో పాలిష్‌కు ఇచ్చాను. అక్కడి కుర్రాడు గిరగిర తిరిగే మిషన్‌ను బానెట్ అంచు మీద ఎక్కువసేపు అదిమిపెట్టాడు. పై పూత కాలిపోయి లోపలి ప్రైమర్ కనబడింది. వాళ్లు టచప్ పెట్టి మూసేసి, మెరుపు చూపించి, డబ్బులు తీసుకున్నారు. భాయీజాన్ వచ్చి బండి చుట్టూ ఒక చక్కర్ కొట్టాడు. సరిగ్గా ఆ అంచు దగ్గర బొటనవేలు పెట్టి ఆగాడు. నా వైపు చూసి, "బాగుందిరా" అన్నాడు. రోజూ నాలుగు బండ్లు తుడిచే మనిషికి ఆ మచ్చ కనబడలేదనుకోవడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా?

కాబట్టి భతీజాకు ఒక సౌదా చెప్పాను. యాభై వేలు నావి, అబ్బావి కాదు. పని మాత్రం ఒక వరసలో జరగాలి. ముందు బండి ఆగాలి. తర్వాత దారి కనబడాలి. ఆ తర్వాత మెరవాలి. ఇంకా డబ్బులు మిగిలితే వాడిష్టం. వాడు మొహం మాడ్చుకుని ఒప్పుకున్నాడు.

మదనపల్లెలో మా ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. ఉర్దూ బడిలో నాకంటే రెండు క్లాసులు పైన. ఏడో తరగతిలో బడి మానేసి షెడ్డులో చేరాడు. మన కౌమ్ వాళ్లు ఎక్కువగా బతికే ధంధాల్లో బండ్ల రిపేరు ఒకటని 2006లో సచార్ కమిటీ కూడా రాసింది. ఏ ఊళ్లోనైనా టింకరింగ్, పెయింటింగ్, సీటు కుట్టడం, పంక్చరు, వైరింగు పని చేసే వరసలోకి పోయి సలాం చెప్పండి, ఎన్ని జవాబులు వస్తాయో చూడండి. నేను కలం పట్టుకున్నాను, ఆయన స్పానర్ పట్టుకున్నాడు. ఎవరి చేతిలో ఎక్కువ ఇల్మ్ ఉందో ఆ వారం రోజుల్లో బాగానే అర్థమైంది.

ఉస్తాద్ బానెట్ జోలికే పోలేదు. నేల మీద కూర్చుని టైరు పక్కన వేలితో రాసి, "చదువు" అన్నాడు భతీజాతో. చివర నాలుగు అంకెలు: 2216. "అంటే 2016లో ఇరవై రెండో వారంలో పుట్టిన టైరు. అరిగిందా?" అరగలేదు, గాడి నిండుగా ఉంది. "ఇప్పుడు పక్కన చూడు." పక్క గోడల నిండా సన్నటి పగుళ్లు. తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. నిలబెట్టిన బండి టైరు పగిలేది ఇట్లాగే, అదీ స్పీడ్‌లో ఉన్నప్పుడు.

17 అంగుళాల చక్రాల మాట ఎత్తితే ఉస్తాద్ నవ్వాడు. "పుంగనూరు ఆవుకు ఒంగోలు గిత్త మూపురం అతికిస్తావా బేటా? చిన్నదైనా చిక్కటి పాలిచ్చే ఆవు ఇది. దాన్ని దానిమాదిరి ఉండనీ." పెద్ద చక్రానికి పల్చటి టైరు వేస్తే మన గుంతల రోడ్ల మీద దెబ్బంతా రిమ్ముకూ సస్పెన్షన్‌కూ పోతుందని చెప్పి, ఆయనే దారి చూపించాడు. మా బండికి కంపెనీ ఇచ్చిన టైరు 165/80, 14 అంగుళాలు. ఇదే స్విఫ్ట్‌లో పై మోడల్ జెడ్ఎక్స్ఐకి కంపెనీయే 185/70 టైరు ఇచ్చింది. ఎత్తు దాదాపు అంతే, వెడల్పు 20 మిల్లీమీటర్లు ఎక్కువ. రోడ్డును బాగా పట్టుకుంటుంది, స్పీడోమీటరు లెక్క తప్పదు. బండికి వేసే ఏ టైరైనా రిమ్ముకు సరిపోతుందో లేదో చూపించుకునే వేయాలి. మాకు సరిపోయింది. నాలుగూ పద్దెనిమిది వేల చిల్లర. అప్‌గ్రేడ్ అనే మాట భతీజా మొహంలో మొదటిసారి అక్కడ వెలిగింది.

తర్వాత బ్రేకులు. ముందు ప్యాడ్లు, వెనక షూలు కొత్తవి. బ్రేక్ ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుందట. బండి నడిచినా నడవకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. లేకుంటే ఘాట్ దిగేటప్పుడు వేడెక్కి, ఆవిరి బుడగలు పట్టి, పెడల్ దూదిలో దిగినట్టు దిగిపోతుంది. మా బండికి ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. ఉన్న బ్రేకే ఈమాన్‌తో పనిచేయాలి.

సైలెన్సరు, నల్ల ఫిల్మ్ సంగతి నేనే చెప్పాను, రిపోర్టరు చాచా ఎందుకు మరి! అద్దాల నల్ల ఫిల్మ్‌ను సుప్రీంకోర్టు 2012లోనే వద్దంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మన ఇష్టానికి మార్చడానికి లేదు. 2019 సవరణ తర్వాత మార్పు ఒక్కోదానికి 5000 రూపాయలు జుర్మానా, ఆరు నెలల దాకా ఖైదు కూడా పడొచ్చు. "ఇంకోటి బేటా, చెక్‌పోస్టు దగ్గర నల్ల అద్దాల బండి, లోపల నీ పేరు, నీ గడ్డం. నీకు ఎన్ని సవాళ్లు పడతాయో, వేరేవాళ్లకు ఎన్ని పడతాయో నేను చెప్పాల్నా?" వాడు తల దించుకుని లిస్టులో రెండు గీతలు కొట్టేశాడు. ఈ మాట చెప్పాల్సి రావడం నాకూ ఖుషీ కాదు.

ఇక హెడ్‌లైట్లు. ఈ భాగం రాయడానికే ఇదంతా రాస్తున్నా అనుకోండి. పుంగనూరు నుంచి కుప్పం పోవాలంటే పలమనేరు, వి.కోట మీదుగా పోవాలి. పక్కనే కౌండిన్య అడవి, 1990లో ఏనుగుల కోసం అభయారణ్యం చేశారు. ఆ దారిలో రాత్రిపూట ముందర ఏముందో కనబడకపోతే స్పోర్ట్స్ బండి అయినా ఒకటే, జనాజా బండి అయినా ఒకటే. ఆ లైటు పైన ఉండేది గాజు కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. ఎండకు దాని పై పూత చచ్చి పసుపు పడుతుంది. నీళ్లు పోస్తూ 800, తర్వాత 1000, ఆ తర్వాత 2000 నంబరు వాటర్ పేపరుతో రుద్ది, పాలిష్ పెట్టి, చివర్లో ఎండ తట్టుకునే పూత వేయాలి. ఆ పూత వేయకుండా వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. భతీజా రెండు గంటలు చేతులు నొప్పెట్టేలా రుద్దాడు. నీలం లైట్లకు బదులు ఉస్తాద్ పాత 60/55 వాట్ల హాలోజన్ బల్బులే కొత్తవి వేసి, బ్యాటరీ నుంచి రిలేతో విడిగా వైరు లాగాడు. ఇన్నేళ్ల వైరింగులో కరెంటు దారిలోనే సన్నబడిపోతుంది, బల్బు దాకా పూర్తిగా చేరదు. ఆ సాయంత్రం షెడ్డు గోడ మీద వెలుగు పడినప్పుడు భతీజా మళ్లీ "వాహ్" అన్నాడు. ఈసారి నేనూ అన్నాను.

పాలిష్ మాత్రం భాయీజాన్ కువైట్ నుంచి వాయిస్ మెసేజ్‌లతో చేయించాడు. ఆ గొంతులో అంత హుకుం నేనెప్పుడూ వినలేదు. "నీడలో కడగండి. పొడి దుమ్ము మీద గుడ్డ పెట్టినోడు నాకు దుష్మన్. ఇక్కడ గుబార్ లేచిన మర్నాడు నేను ముందు నీళ్లే కొడతా, గుడ్డ ముట్టను. రెండు బకెట్లు పెట్టుకో, ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. పైనుంచి కిందికి. గుడ్డ నేల మీద పడిందా, అది ఇక బండికి హరామ్." బోరు నీళ్ల మచ్చలకు సిర్కాలో అంతే నీళ్లు కలిపి, కాసేపు అద్ది, వెంటనే కడిగేయమన్నాడు. భాభీ వంటింట్లోంచి సిర్కా సీసా తెచ్చి ఇస్తూ, "ఇంట్లో సంసారం ఎట్లా నడపాలో ఇన్నేళ్లలో ఇంత వివరంగా చెప్పలేదు" అంది. నవ్వుతూనే అంది.

నేను తెలుసుకున్నది ఏమిటంటే, పాలిష్ అంటే కొత్తగా ఏదో పూయడం కాదు, ఉన్నది కాస్త తీసేయడం. రంగు మీద ఉండే పారదర్శక పూత సాధారణంగా 40, 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక మందం కూడా ఉండదు. గీత పోవాలంటే గీత చుట్టూ ఉన్న పూతను గీత లోతు దాకా అరగదీయాలి. కాబట్టి ఒక బండికి దాని ఉమ్ర్‌లో ఇన్నే పాలిష్‌లు అని రాసిపెట్టి ఉంటుంది. లోతు గీతలు కొన్ని వదిలేశాం. 2016 నాటి ఆ కాలిన అంచును కూడా మిషన్ ముట్టనీయలేదు, చేత్తో వ్యాక్స్ రాసి వదిలాం. డబ్బులు నాలుగు వేలు మిగిలాయి. భతీజా స్పాయిలర్ కొనలేదు. స్టెప్నీ టైరు కూడా 2016దే అని ఉస్తాద్ చెవిలో వేశాడు, దానికి పోయాయి.

ఏప్రిల్‌లో భాయీజాన్ దిగాడు. రెండు సూట్‌కేసులు, ఒక దుప్పటి మూట. జుట్టు పూర్తిగా తెల్లబడింది. పుంగనూరు వాకిట్లో బండి చుట్టూ అదే చక్కర్ కొట్టాడు. అదే అంచు దగ్గర అదే బొటనవేలు ఆగింది. నాకు గొంతు ఎండిపోయింది. "దీన్ని గెలకలేదు. మంచి పని చేసినావు" అన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ మచ్చ మా ఇద్దరి మధ్య బయటపడింది. మాఫీ అడుగుదామనుకున్నా. ఆయన అప్పటికే హెడ్‌లైట్ల దగ్గరికి పోయాడు.

వారం తర్వాత కుప్పం ప్రయాణం. తాళంచెవి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని ఒక్క నిమిషం పట్టుకుని కొడుకు చేతిలో పెట్టాడు.

"నువ్వు నడపవా?"

"షుగర్ కళ్లకు ఎక్కిందిరా. రాత్రయితే ఎదురుగా వచ్చే రెండు లైట్లు నాలుగవుతాయి. అక్కడ కఫీల్ బండిని ఒకరోజు గోడకు తాకించినా. మంచోడే, ఇక చాలు ఇంటికి పో అన్నాడు." తర్వాత నవ్వాడు. "చూసినావా, కార్ ఉంది, మనిషి బేకార్."

ఉర్దూ చదివినవాళ్లకు ఇది పాత జోకే. ఫార్సీలో కార్ అంటే పని. కారీగర్, కార్‌ఖానా అన్నీ అందులోంచి వచ్చినవే. నవ్వాలి కాబట్టి నవ్వాను. బండి తయారు పెట్టమన్నది తన కోసం కాదని, ఆయన మెసేజ్ పెట్టినప్పుడే ఆ తాళంచెవి ఎవరి చేతికి పోవాలో రాసిపెట్టుకున్నాడని అప్పుడు అర్థమైంది.

కుప్పంలో రిష్తా పక్కా అయింది, అల్హమ్దులిల్లా. సగం తమిళం, సగం దక్కనీ కలిపి మాట్లాడే నెమ్మదైన మనుషులు. మగ్రిబ్ అక్కడే చదువుకుని బయల్దేరాం. వి.కోట దాటాక ఒక వంపు తిరిగీ తిరగగానే, ముందు లైటూ వెనక లైటూ లేని చెరుకు ట్రాలీ రోడ్డు మీద ఆపి ఉంది. భతీజా బ్రేక్ నొక్కాడు. బండి కాస్త ముక్కు దించి, ఎటూ జారకుండా ట్రాలీకి రెండు బారల దూరంలో ఆగింది. వెనక సీట్లో భాభీ "యా అల్లా" అంది. ముందు సీట్లో భాయీజాన్ కుడికాలు మ్యాట్ మీద గట్టిగా తొక్కిపెట్టి ఉంది, అక్కడ పెడల్ ఏమీ లేదు. కాసేపటికి ఆ కాలు మెల్లగా తీశాడు.

"ఆగింది" అన్నాడు. ఇంటికి చేరేదాకా ఇంకేం మాట్లాడలేదు.

ఆ స్పోర్ట్ స్టిక్కర్ ఇప్పటికీ డాష్‌బోర్డు అరలోనే ఉంది. అంటించమని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు.

మర్నాడు ఫజర్ తర్వాత వాకిట్లో బకెట్ చప్పుడుకు బయటికొచ్చాను. పద్దెనిమిదేళ్లు కడిగిన మనిషి ఇక్కడ కూడా కడగాలా అని గాభరా పడ్డాను. భాయీజాన్ వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కడుగుతున్నది భతీజా. వాడి చేతిలోంచి గుడ్డ జారి నేల మీద పడింది. వంగి తీసుకోబోయాడు.

"ఆఁ" అన్నాడు భాయీజాన్, చాయ్ కప్పు దించకుండానే. "వేరే గుడ్డ."